ఏ ఊరు, ఎవరి బిడ్డవు

ఫోన్ మోగేసరికి అహల్య చేతులు మణికట్ల దాకా పూరీ పిండిలో ఉన్నాయి. కార్తీక్ ఫోన్ అందుకుని, స్పీకరు పెట్టి, ఆమె చెవి దగ్గర కాకుండా కావాలనే తమ ఇద్దరి మొహాల మధ్య పట్టుకున్నాడు. అవతల శ్యాంసుందర్ సార్. పట్నాలకు దూరంగా ఉన్న సర్కారు బడుల్లో పిల్లల మనసు బాగోగులు చూసేందుకు, సైకాలజీ చదివినవాళ్లకు సూర్యాపేటలో శిక్షణ ఇస్తున్నది ఆయనే. తరగతి పాఠాలు అయిపోయాయి, ఇక బడిలో కూర్చుని పని నేర్చుకోవాలి, బ్యాచ్‌లో ముందుగా నీకే ఒక బడి అప్పగిస్తున్నాను అన్నాడాయన. కోదాడకు ఇవతల ఉన్న బాలికల గురుకులం. రేపటి నుంచే.

"అక్కడికి నువ్వే సరైనదానివమ్మా. ఆ పిల్లల్లో సగం మంది నేరేడుచర్ల, హుజూర్‌నగర్ దిక్కు ఊళ్ల వాళ్లు. నువ్వు ఆ దిక్కు కోడలివి. మనవాళ్లు అనిపిస్తే పిల్లలు తొందరగా నోరు విప్పుతారు."

సార్ ఫోన్ పెట్టేశాక కూడా అహల్య కాసేపు అలాగే పిండి చేతులు గాల్లో పెట్టుకుని నిలబడింది. పెళ్లయి వచ్చి ఇంకా ఒక పంట కూడా చూడలేదు, అప్పుడే ఈ దిక్కు కోడలివి అనిపించుకుంది. ఆ మాట ఆమెకు మెడలోని నల్లపూసల్లాగా ఉంది, ఊరికే తాకి చూసుకోబుద్ధి వేస్తోంది.

"మనసులు చదివే మేడం గారు," అన్నాడు కార్తీక్, "నా మనసుల ఏముందో జర చెప్పున్రి."

"ఆకలి."

"చూసినవా అమ్మా, శిక్షణ ఎంత మంచిగిచ్చిన్రో."

అత్తమ్మ జమున నూనె మూకుడు పొయ్యి మీద పెడుతూ నవ్వింది. కోడలికి ఉద్యోగం లాంటిది వచ్చిందంటే ఆమెకూ సంబరమే. తన పెళ్లినాటి మూడు గిన్నెల స్టీలు క్యారియరు అటక మీద నుంచి దింపించి, చింతపండుతో తోమి, రేపటికి సిద్ధంగా బోర్లించింది.

మర్నాడు మిర్యాలగూడ బస్టాండులో అహల్యకు కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో క్యారియరు వెచ్చగా తగులుతుంటే, బయట నాట్లు వేస్తున్న మళ్లు ఒకదాని వెంట ఒకటి తిరిగిపోయాయి. నేరేడుచర్ల దగ్గర తమ పొలానికి పోయే డొంక కనిపించగానే పక్కనున్న ముసలమ్మకు చెప్పింది, అదిగో ఆ దారిలోనే మా మామగారి భూమి అని. ఎవరు బిడ్డా మీ మామ అని ఆమె అడిగింది. జనార్దన్ అని చెప్పగానే ముసలమ్మ, ఓ, వాళ్ల కోడలివా అంటూ గడ్డం పట్టుకుని చూసింది. అహల్యది హనుమకొండ. ఈ దిక్కున ఎవరు ఎదురైనా ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఎవరి కోడలివి అని అడగకుండా ఉండరు. అడిగిన ప్రతిసారీ ఏదో ఒక చుట్టరికం తేలుతుంది. ఒక్కో ప్రశ్నకూ ఒక్కో పిన్నమ్మో బావో పుట్టుకొస్తుంటే ఆమెకు పండగలాగా ఉండేది.

బడిలో ఆమెకు సైన్సు ల్యాబు పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. విరిగిన గ్లోబులు, ఒక అస్థిపంజరం బొమ్మ మూలకు జరిపి, గది ఊడ్చుకుంది. ఎదురెదురుగా కూర్చుంటే పిల్లలకు పరీక్షలాగా ఉంటుందని నేర్పించారు, అందుకని రెండు ప్లాస్టిక్ కుర్చీలను ఒక మూలకు తిప్పి పెట్టింది. కిటికీకి తన పాత చున్నీ కట్టింది. బల్ల మీద చిన్న గిన్నెలో చింతపిక్కలు పోసింది. మాట్లాడుతున్నప్పుడు చేతులకు పని ఉంటే నోటికి భయం తగ్గుతుంది.

తొమ్మిదో తరగతి పిల్లలను పంపమని ప్రిన్సిపాల్ చెప్పింది. పిల్లలు జంటలు జంటలుగా వచ్చారు. శిక్షణలో చెప్పినట్టు ముందు తేలిక మాటలు. ఇల్లు, ఊరు, అమ్మానాన్నలు.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"నేరేడుచర్ల మండలం మేడం."

"మండలం సరే, ఊరు?"

"నేరేడుచర్ల మండలమే మేడం."

"ఎట్లుంది ఇక్కడ?"

"మంచిగనే ఉంది మేడం."

తర్వాతి జంటదీ మండలమే. వాళ్లకూ మంచిగనే ఉంది. ఆ తర్వాతి జంటకూ అంతే. అదే మాట, అదే సాగదీత, చివర అదే చిన్న నవ్వు. ఒకమ్మాయి మోచేతి మీద గోళ్ల గాట్లున్నాయి. ఏమైందని అడిగితే, మంచిగనే ఉంది మేడం అంది. మధ్యాహ్నానికి అహల్యకు అర్థమైంది. ఈ మాట పిల్లలకు పుట్టింది కాదు, ఎవరో నేర్పింది.

ఎవరో వెతుక్కోనక్కర్లేదు. గదికి ఎదురుగా వరండాలో స్తంభానికి ఆనుకుని హాస్టల్ వార్డెన్ స్వర్ణ కూర్చుని ఉంది. యాభైకి దగ్గరపడిన మనిషి, బిగించి ముడేసిన జుట్టు, నడుముకు తాళాల గుత్తి. ముందర పెద్ద పళ్లెంలో రాత్రికి వండే బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కళ్లు బియ్యం మీద ఉన్నా చెవులు గది వైపే. గదిలోకి వచ్చే ప్రతి పిల్లా ముందు ఆమె వైపు చూసింది. బయటికి పోయేటప్పుడూ చూసింది.

భోజనాల వేళ అహల్య తన క్యారియరు తీసుకుని ఆమె పక్కనే కూర్చుంది. మనిషిని దగ్గర చేసుకుంటే గుట్టు తెలుస్తుందనుకుంది. స్వర్ణే ముందు అడిగింది, మీదే ఊరు మేడం అని. అహల్య గుత్తివంకాయ ముక్క ఆమె పళ్లెంలో వేస్తూ అన్నీ చెప్పేసింది. పుట్టిల్లు, మెట్టినిల్లు, నేరేడుచర్ల పక్క ఊళ్లో పొలం, ఏటా ధాన్యం కొనుగోళ్లప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ మామ జనార్దన్ దగ్గరికే రావడం.

బియ్యంలో ఆడుతున్న స్వర్ణ వేళ్లు ఆగాయి.

"జనార్దన్ పటేల్ కోడలా మీరు," అంది. "మంచిది."

ఆ వంకాయ ముక్క ఆమె తినలేదు. పళ్లెం అంచుకు జరిపి పెట్టింది. అది చూశాక అహల్య మనసులో అనుమానం గట్టిపడింది. ఈమె ఏదో దాస్తోంది. కొడుతుందా, తిండి సరిగా పెట్టదా, అంతకన్నా పెద్దదా. సాయంత్రం గది తలుపు వేస్తుంటే, స్వర్ణ తొమ్మిదో తరగతి పిల్లలను చేతిపంపు దగ్గర గుంపు చేసి ఏదో చెబుతోంది. అహల్య కనబడగానే మాట ఆపి, బట్టలు తీసుకపోన్రి వానొస్తది అంది. ఆకాశంలో మబ్బు లేదు.

మరుసటి రోజు పప్పు తూచుకోవడానికి స్వర్ణ స్టోరు గదిలోకి పోయిన సమయం చూసుకుని, ఒక పిల్ల తనంతట తనే వచ్చింది. వంతు కాదు, పిలవలేదు. పేరు సంతోషి. సన్నగా, పొడుగ్గా ఉంది. మొహంలో ఏదో తేడా ఉందని అహల్యకు మొదట తెలిసింది, ఏమిటో తర్వాత తెలిసింది. ఎడమ కనుబొమ సగమే ఉంది. మిగతా సగం కాటుకతో దిద్దుకుంది.

అహల్య ఆ సంగతి అడగలేదు. గిన్నెలోంచి చింతపిక్కలు తీసి పిల్ల గుప్పిట్లో పోసింది. తను కూడా రెండు తీసుకుని వేళ్ల మధ్య దొర్లించింది. బయట ఎవరో పి.టి. విజిలు ఊదారు, ఆగారు. చాలాసేపటికి సంతోషి తలెత్తింది.

"లెక్కల పుస్తకం తీస్తే చెయ్యి దానంతటదే పోతది మేడం. గుంజినంక జర నిమ్మళమనిపిస్తది. పేపర్లు దిద్దిచ్చిన నాడైతే ఇగ ఆగదు. ఇప్పుడు రెప్పలు సుత గుంజుతున్న. రోగమని నా పక్కల ఎవ్వరు పండుకుంట లేరు."

ఇది అంటుకునే రోగం కాదని, నీలాంటి పిల్లలు చాలామంది ఉన్నారని, భయాన్ని చెయ్యి మోస్తోందని, ఆ చేతికి మెల్లగా వేరే పని నేర్పుకోవచ్చని అహల్య చెప్పింది. ఎప్పుడు చెయ్యి లేస్తుందో గమనించమంది. లేచినప్పుడు పిక్కలు పట్టుకోమంది. సంతోషి ప్రతి మాటకూ తలూపింది. ఆ తలూపడంలో ఆశ కనిపిస్తుంటే అహల్యకు గుండెలో గజ్జెలు మోగినట్టయింది. నేర్చుకున్న చదువు మొదటిసారి ఒక మనిషికి పనికొస్తోంది.

"ఇంట్ల తెలిస్తే తీసుకపోతరు మేడం," అంది సంతోషి. "పిల్లకు బాగలేదని ఇంట్లనే కూసోపెడతరు. ఇగ నా బడి ఖతమే."

"నువ్వు చెప్పింది ఈ గోడలు దాటదు. నా మాట నమ్ము."

పిల్ల నమ్మింది. భుజాలు కిందికి దిగాయి. ఇంకా ఏదో చెప్పబోయేలా ముందుకు వంగింది. అప్పుడు అహల్య, ఆ సంతోషంలో, ఈ దిక్కున అందరూ అందరినీ అడిగినట్టే, బుగ్గ నిమిరి అడిగింది.

"ఏ ఊరు బిడ్డా నీది? ఎవరి బిడ్డవు?"

మాటల వేడిలో ఉన్న సంతోషి మండలం పేరు చెప్పడం మరిచిపోయింది. ఊరి పేరే చెప్పింది. తండ్రి వేణు, దామరచర్లలో కరెంటు ప్లాంటు దగ్గర కూలికి పోతాడు, తాత ఈదయ్య అంది.

"మన ఈదయ్య తాత మనుమరాలివా నువ్వు," అంది అహల్య. మొహమంతా వెలుగు. "మా పొలం చేసేది ఆయనేగా. మీ నాయనమ్మ కాటమ్మ నా పెళ్లిల ఎంత మంచి పాట పాడిందో. మరి ముందే చెప్పవేంది, మనం మనం ఒక్కటే గద."

సంతోషి చెయ్యి కనుబొమ మీదికి పోయింది. మరో చేతిలోని పిక్కలను ఒక్కొక్కటిగా తిరిగి గిన్నెలో వేసింది. లేచి నిలబడింది.

"నాకు మంచిగనే ఉంది మేడం," అంది.

తలుపు దగ్గర పప్పు గిన్నెతో స్వర్ణ నిలబడి ఉంది. పిల్ల ఆమె పక్క నుంచి తలొంచుకుని పోయింది. అంతసేపు మాట్లాడిన పిల్ల ఒక్క క్షణంలో ఎందుకు బిగుసుకుపోయిందో అహల్యకు అప్పుడు తెలిసినట్టే అనిపించింది. ఈ నీడ తలుపులో పడబట్టే.

ఆ రాత్రి భోజనాల దగ్గర కార్తీక్ ఆమె పళ్లెంలోంచి అప్పడం ముక్క విరుచుకుంటూ, ఇవాళ ఎన్ని మనసులు చదివినవ్ అని అడిగాడు. అహల్య చెప్పకూడనిదేదీ చెప్పలేదు. కనుబొమ మాట ఎత్తలేదు, లెక్కల మాట ఎత్తలేదు. ఆ విషయంలో ఆమె ఎంత జాగ్రత్తగా ఉందంటే, తనను తనే మెచ్చుకుంది కూడా. ఒక్క చుట్టరికం సంబరం మాత్రం నోట్లో ఆగలేదు.

"అత్తమ్మా, మన ఈదయ్య తాత మనుమరాలు ఆడనే సదువుతుంది. ఇయ్యాల నా దగ్గరికొచ్చింది."

"నీ దగ్గరికా? ఏమైంది పిల్లకు?"

"ఏం కాలేదు."

"ఏం గాకపోతే నీ దగ్గరికెందుకొస్తది?"

"ఊకెనే, అత్తమ్మా," అంది అహల్య. చారు గిన్నె ముందుకు జరిపింది. అత్తమ్మ ఇంకేమీ అడగలేదు. పాపం ఆ తల్లి లేని పిల్ల అని మాత్రం అంది.

మూడో రోజు బడికి వెళ్లేసరికి సంతోషి తరగతిలో లేదు. ఒంట్లో బాగాలేదని డార్మిటరీలో పడుకుందన్నారు. అహల్య అటు నడిస్తే మెట్ల దగ్గర స్వర్ణ అడ్డం వచ్చింది. పిల్ల పండుకుంది మేడం, లేపొద్దు అంది. అహల్య వెనక్కి తిరిగి తన గదికి వచ్చి, చున్నీ పక్కకు జరిపి చూసింది. స్వర్ణ వరండా చివర గోడ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుతోంది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి సంతోషి పేరు వినిపించింది.

పదకొండు కాకముందే గేటు దగ్గర ఒక మనిషి దిగబడ్డాడు. సిమెంటు దుమ్ముతో తెల్లబారిన బూట్లు, భుజాన తువ్వాల. పిల్లను తీసుకపోవడానికి వచ్చిన వేణు అని వాచ్‌మన్ చెప్పాడు.

అహల్య గది తలుపు వేసి శ్యాంసుందర్ సార్‌కు ఫోన్ చేసింది. వార్డెన్ పిల్లలను బెదిరిస్తోందని, అందరితో ఒకే మాట పలికిస్తోందని, ఒక పిల్ల నమ్మి చెప్పుకున్న సంగతి తలుపు చాటున విని ఇంటికి చేరవేసిందని, ఇప్పుడా పిల్ల చదువు పోతోందని, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వార్డెన్ కాంట్రాక్టు మనిషే కదా, అలాంటివాళ్లను అక్కడ ఉంచకూడదు, మధ్యాహ్నం ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను అన్నాడు సార్. నీకు గట్టిగా తెలుసు కదమ్మా అని అడిగాడు. తెలుసు సార్ అంది అహల్య.

వేణు వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. అహల్య దగ్గరికి రాగానే చేతులు కట్టుకున్నాడు. ఆమె ఎవరో చెప్పకముందే అతనికి తెలుసు.

"దండం మేడం. మీరున్నరని తెలిసి మా అమ్మ జర ధైర్యంగున్నది."

"నేనున్నట్టు మీకెవరు చెప్పిన్రు?"

"జమునమ్మనే రాత్రి మా అమ్మకు ఫోన్ జేసింది. మీ పిల్ల మా కోడలు కాడికొచ్చిందట, మా కోడలు దగ్గరుండి సూస్తది, ఏం పరేషాన్ కావొద్దన్నది. పెద్దింటోళ్లు పరేషాన్ కావొద్దన్నరంటే ఏందో ఉన్నట్టే గద మేడం. రాత్రంత మా అమ్మ కన్ను మూయలే. పొద్దుగాల నేను మేస్త్రీకి చెప్పి ఉరికొచ్చిన. ఏమైంది మేడం నా బిడ్డకు? నెత్తి గిట్ల ఖరాబైందా?"

ఎండ వేపాకుల మధ్య నుంచి చుక్కలు చుక్కలుగా పడుతోంది. అహల్య ఆ చుక్కల వైపే చూస్తూ నిలబడింది. ఏం కాలేదు అని చెప్పాలి. నిన్న రాత్రి చారు గిన్నె జరుపుతూ అన్న మాట కూడా అదే. దానికే ఇతను ఇంత దూరం వచ్చాడు.

డార్మిటరీ మెట్ల మీద స్వర్ణ ఉంది. పక్కన సంతోషి, ఆ పక్కన సర్ది తాళం వేసిన రేకు పెట్టె. కనుబొమ మీద కాటుక ఇవాళ పెట్టుకోలేదు. అహల్య స్వర్ణను పక్కకు పిలిచింది. అడగాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఒకటి.

"పొద్దున ఫోన్‌ల ఎవరితోని మాట్లాడిన్రు మేడం?"

"వేణుతోనే. బస్సెక్కిండట, పిల్లను తయారు చేయమన్నడు. ఇయ్యాల పరీక్షుంది, ఆదివారం రా నాయనా అని బతిమిలాడిన. ఇనలే." స్వర్ణ తాళాల గుత్తి సర్దుకుంది. గొంతు పెంచలేదు. "నిరుడు దవాఖాన క్యాంపు పెట్టిన్రు మేడం. ఒకామె వచ్చింది మీ లెక్కనే, నవ్వు మొహం. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అందరినడిగింది. సంగీత అనే పిల్ల నిద్ర పడ్త లేదని చెప్పుకుంది. ఆమె సంగీత వాళ్ల సర్పంచికి సుట్టమట. మంచికే చెప్పింది ఆమె సుత. వారం తిరగకముందే వాళ్ల మేనమామ వచ్చి పెట్టె సదిరిచ్చుకుని పోయిండు. గా మంచం ఇప్పటికి ఖాళీగనే ఉంది."

"అందుకే మండలం పేరు చెప్పమన్నరా పిల్లలకు?"

"ఊరు చెప్తే ఇల్లు దొరుకుతది. ఇల్లు దొరికితే ఫోన్ నంబరు దొరుకుతది. మీరు చెడ్డోళ్లని నేననలే. మీరు జనార్దన్ పటేల్ కోడలు. ఈ పిల్లల తల్లిదండ్రులల్ల సగం మంది మీ వడ్ల కాడనో, మీ పొలం కాడనో ఉంటరు. గా సంగతి తెలిసినంక ఇగ మంచిగనే ఉంది అనకపోతే ఏమంటరు?"

అహల్య ఫోన్ తీసి అక్కడే, స్వర్ణ వింటుండగానే, శ్యాంసుందర్ సార్‌కు చేసింది. తను పొద్దున చెప్పిందంతా తప్పు అంది. ఇంటికి చేరవేసింది వార్డెన్ కాదు, నేను అంది. ప్రిన్సిపాల్‌తో ఏమీ మాట్లాడకండి సార్, మిగతాది సాయంత్రం చెబుతాను అంది. తన మీద ఫిర్యాదు కూడా పోయిందన్నమాట అని గ్రహించి స్వర్ణ మొహం పక్కకు తిప్పుకుంది. పెట్టె మీద కూర్చున్న సంతోషి జడను విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

వేపచెట్టు కిందికి తిరిగి వచ్చి అహల్య వేణుతో చెప్పింది. బిడ్డ నెత్తి మంచిగనే ఉంది, నా గదికి అందరు పిల్లలు వస్తారు, రావడం రోగం కాదు. ఇంట్లో నేను మాట జారాను, తప్పు నాది, నన్ను క్షమించు అన్నా అంది.

వేణు రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"మీరట్లనొద్దు మేడం. తప్పంత మాది. ఉంచుమంటే ఉంచిపోత, తీసుకపొమ్మంటే తీసుకపోత. మీరెట్లంటే అట్ల."

ఉంచు అన్న మాట అహల్య నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటతో పిల్ల బడిలో ఉండిపోతుంది. కానీ అతని చేతులు కట్టుకున్న తీరు చూసింది. మామ ముందు ఈదయ్య అచ్చం ఇలాగే నిలబడతాడు. తను ఇప్పుడు ఉంచు అంటే అది అత్తమ్మ ఫోన్ లాంటిదే ఇంకొకటి అవుతుంది. రేపు అతను ఇంటికి పోయి, పటేల్ కోడలు ఉంచుమన్నది, ఇంకేదో పెద్దదే ఉంది అనుకుంటాడు.

"నేననేది కాదు," అంది. "నీ బిడ్డనడుగు. ఆమె ఏమంటదో, నీకేమనిపిస్తదో, అది చెయ్యి."

స్వర్ణ సంతోషిని పంపింది. తండ్రీ బిడ్డా చెట్టు అరుగు మీద కూర్చున్నారు. అహల్య అక్కడి నుంచి నడిచి చేతిపంపు దాకా పోయింది. మాటలు ఇంకా లీలగా వినిపిస్తున్నాయి. పంపు కొట్టడం మొదలుపెట్టింది. నీళ్లు కాళ్ల మీద పడి మట్టెలు తడిసి, చీర కుచ్చిళ్లు తడిసినా కొడుతూనే ఉంది. ఏం చెబుతోంది, ఆయన ఏమంటున్నాడు, కనుబొమ సంగతి తనే చెప్పుకుంటోందా. తెలుసుకోవాలని ప్రాణం లాగేస్తోంది. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. వంటమనిషి ఒకామె బిందె తెచ్చి పంపు కింద పెట్టి, పుణ్యముంటది కొట్టున్రి మేడం అంది.

రెండో బిందె కూడా నిండాక అహల్య తిరిగి చూసింది. అరుగు మీద వేణు ఒక్కడే కూర్చుని తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు. రేకు పెట్టెను సంతోషి ఒక చెవి, స్వర్ణ ఒక చెవి పట్టుకుని మెట్లెక్కుతున్నారు, పైకి. వేణు లేచి దూరం నుంచే దండం పెట్టి గేటు వైపు నడిచాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో అహల్య ఎవరినీ అడగలేదు.

సాయంత్రం గది ఖాళీ చేస్తూ సార్‌తో చాలాసేపు మాట్లాడింది. ఈ దిక్కు కోడలిని కాబట్టే ఈ బడికి నేను పనికిరాను సార్ అంది. తనెవరో తెలిసినవాళ్లు లేని చోట పెట్టమంది. నువ్వు స్థానికురాలివనే కదమ్మా అక్కడ వేశాను అంటూ ఆయన మొదట గొణిగాడు. తర్వాత నెమ్మదిగా, ఏ ఊరు అనే ఆ మొదటి ప్రశ్న మన పాఠాల్లో మనమే నేర్పించాం కదూ అన్నాడు. సూర్యాపేట అవతల తిరుమలగిరి దిక్కు బడికి వెళ్లాల్సిన మీ బ్యాచ్ శిరీష ఇక్కడికి వస్తుంది, ఆమె స్థానంలో నువ్వు అటు వెళ్లు అని ఖాయం చేశాడు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్తే స్వర్ణ రాత్రి వంటకు బియ్యం ఏరుతోంది. అహల్య పక్కన చతికిలబడి, తనూ పళ్లెంలో చెయ్యి పెట్టింది. స్వర్ణ వద్దనలేదు.

"కొత్తామెది ఏ ఊరు?" అంది.

"జనగామ."

"పెండ్లయిందా? అత్తగారిల్లు యాడ?"

"కాలేదు మేడం."

"అయ్యేదాంక ఉండనియ్యున్రి మరి," అంది స్వర్ణ. ఒక రాయి ఏరి అవతలికి విసిరింది. నవ్విందో లేదో తెలియలేదు. "ఆమెను సుత నాలుగు దినాలు సూస్తగని, నమ్మ. పిల్లలకు మండలమే చెప్పమంట."

"చెప్పమనున్రి," అంది అహల్య.

మిర్యాలగూడలో బస్సు దిగేసరికి కార్తీక్ బండితో ఉన్నాడు. ఆమె బురద అంటిన కుచ్చిళ్లు చూసి, నాట్లకు పోయినవా ఏంది అన్నాడు. వెనక కూర్చుని అతని వీపుకు తల ఆనించింది. దారిలో మొక్కజొన్న కంకులు కాలుస్తున్న వాసనకు బండి ఆపించింది. ఒకే కంకిని ఇద్దరూ చెరోవైపు నుంచి తిన్నారు. ఇంత బరువైన రోజున కూడా కంకి తియ్యగానే ఉండడం ఆమెకు వింతగా అనిపించింది. బడి సంగతి అతను అడిగాడు. ఉప్పు తక్కువైంది అని కంకి మాట చెప్పింది.

ఇంట్లో అత్తమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమైందే ఈదయ్య మనుమరాలికి? కాటమ్మ ఫోన్ ఎత్తుత లేదు. నేను మంచికే చెప్పిన గద."

"తెలుసు అత్తమ్మా. తప్పు నాది. ఆ ముచ్చట నేను ఇంట్ల తియ్యకుండా ఉండాల్సింది. ఇగ మీరడిగినా చెప్ప. ఆయనడిగినా చెప్ప."

జమున మొహం చిన్నబోయింది. కొంగుతో చేతులు తుడుచుకుని, సరే తియ్యి, ఇంటి కోడలు ఇంట్ల చెప్పకపోతే ఎవరికి చెప్తది అంటూ వంటింట్లోకి పోయింది. అహల్య వెనకే వెళ్లి క్యారియరు విప్పి తోమడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దున మొదటి బస్సుకు సూర్యాపేట పోవాలె అత్తమ్మా. ఆడి నుంచి తిరుమలగిరి దిక్కు. వేరే బడికి మార్చిన్రు. జర తొందరగ లేపున్రి నన్ను."

"అంత దూరమా? ఆడ మనోళ్లెవరున్నరే?"

"ఎవ్వరు లేరు," అంది అహల్య, కడిగిన గిన్నెను బోర్లిస్తూ. "అందుకే పోతున్న."